రికార్డు బటన్ ఎవరి చేతిలో?

పోయినేడాది కూకట్‌పల్లిలో ఒక కంప్యూటర్ల షాపుకెళ్ళి ల్యాప్‌టాప్ చూపించమన్నాను. కౌంటరు దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే "బాబుకా మేడమ్?" అన్నాడు. కాదు, నాకే అన్నాను. "మెయిల్సు, వీడియోలు చూసుకోడానికైతే ఇది చాలు మేడమ్" అంటూ అన్నిటికంటే చవకది ముందుకు జరిపాడు. పాటలు రికార్డు చేసుకోవాలి, ఇంట్లోనే మైకు పెట్టుకుని, తర్వాత ఎడిట్ కూడా నేనే చేసుకోవాలి అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహం చూసి, తోడొచ్చిన మా మేనల్లుడి వైపు తిరిగి "అయితే గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి సార్, గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది" అని వాడికి వివరించడం మొదలుపెట్టాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. పాటల గురించి వాడికి తెలిసిందల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడమే. అయినా అడిగింది నేను, జవాబు మాత్రం వాడికి.

ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాను. "వాడలా అన్నాడని మానేశావా అత్తా?" అని మేనల్లుడు నవ్వాడు. అందుకు కాదు. అతను చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకునే జ్ఞానం నాకు లేకపోయింది, అదీ నా బాధ. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, యంత్రం దగ్గరికొచ్చేసరికి ఎవరేం చెబితే దానికి తలూపే స్థితిలో ఎందుకున్నాను? ఈ ప్రశ్న నన్ను ల్యాప్‌టాప్ దగ్గర ఆగనివ్వలేదు. ఆడవాళ్ళ గొంతుకీ రికార్డింగు యంత్రానికీ ఉన్న నూట ఇరవై ఏళ్ళ సంబంధంలోకి తీసుకెళ్ళింది.

ముందు నాకు ఆ యంత్రం ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పాలి.

మా అమ్మది పాలకొల్లు దగ్గర పల్లె. బియ్యం ఏరుతూ, పెరుగు చిలుకుతూ, పసిపిల్లల్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ పాడుతూనే ఉండేది. ఊర్మిళాదేవి నిద్ర, లవకుశుల పాటలు, మంగళహారతులు. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోతే, పద్నాలుగేళ్ళూ నిద్రపోయిన భార్య కథ ఊర్మిళ పాట. తిరిగొచ్చి గదిలోకి అడుగుపెట్టిన మొగుణ్ణి పరాయి మగాడనుకుని ఆమె నిలదీస్తుంది. ఆ చోటు రాగానే అమ్మ గొంతు మారిపోయేది. చేతిలో చేట ఆగిపోయేది. వాల్మీకిలో కనిపించని ఆ ఊర్మిళ నాకు అమ్మ గొంతులోనే పరిచయం.

కృష్ణశ్రీ సంకలనం చేసిన 'స్త్రీల రామాయణపు పాటలు' 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వేసింది. ఆ పాటల్ని దగ్గర పెట్టుకుని, ఆడవాళ్ళు రాముడి కథని ఎలా తమ వైపు తిప్పుకున్నారో వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఇంగ్లీషులో ఒక గొప్ప వ్యాసం రాశారు. బ్రాహ్మణ స్త్రీలు పాడే రామాయణం వేరు, పొలం పనులకెళ్ళే స్త్రీలు పాడే రామాయణం వేరు అని కూడా ఆయన చూపించారు. అంటే మాటలు మిగిలాయి, వ్యాఖ్యానమూ వచ్చింది. కానీ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాటని సాగదీయాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో పుస్తకంలో అచ్చవదు. అది గొంతుతో వచ్చి గొంతుతో పోతుంది.

1998లో అమ్మని హైదరాబాదు తీసుకొచ్చి, జీతంలో దాచుకున్న డబ్బుతో ఒక చిన్న స్టూడియోలో గంటల లెక్కన రికార్డింగు పెట్టించాను. స్టూడియో పేరు ఇక్కడ అనవసరం. అద్దానికి ఇవతల అమ్మ ఒక్కతే, అవతల బల్ల దగ్గర ఇద్దరు మగవాళ్ళు. ఊపిరి శబ్దం వస్తోందనీ, తాళం నిలకడగా లేదనీ మాటిమాటికీ ఆపేశారు. గంటలు అయిపోతున్నాయని నాకు ఆదుర్దా. చివరికి వాళ్ళే ఊపిరి శబ్దాలు కత్తిరించి, కీబోర్డు మీద తబలా కలిపి, నలభై నిమిషాల పాటని తొమ్మిది నిమిషాలు చేసి క్యాసెట్ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి వేస్తే అమ్మ కాసేపు విని, "ఇదెవరు పాడారే?" అంది.

అసలు టేపు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నేనూ అడగలేదు, అడగాలని తెలియలేదు. ఆ స్టూడియో మూతపడింది. అమ్మ 2006లో పోయింది. ఇప్పుడా పాట మొత్తం వచ్చినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరే మిగిలారు, మా పిన్ని. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు.

ఈ దేశంలో రికార్డింగు చరిత్ర ఆడవాళ్ళతోనే మొదలైంది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో యంత్రం దించినప్పుడు మొదట పాడింది శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు రంగస్థలం అమ్మాయిలు. మూడు రోజుల తర్వాత గౌహర్ జాన్ వచ్చింది. 'పరువుగల' ఇళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు, అందులోనూ తెల్లవాడి యంత్రం ముందు, నోరు విప్పే కాలం కాదది. పేరున్న మగ విద్వాంసులు చాలామంది ఆ యంత్రం తమ విద్యని ఎత్తుకుపోతుందని భయపడ్డారు. పాటే బతుకైన తవాయిఫులు, దేవదాసీలు ముందుకొచ్చారు. సంఘం వేలెత్తి చూపిన ఆడవాళ్ళే కొత్త యంత్రం ముందు ధైర్యంగా నిలబడ్డారన్నమాట.

ఆ యంత్రానికి మైకు లేదు, కరెంటు లేదు. పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి తల పెట్టినంత దగ్గరగా నిలబడి గట్టిగా పాడాలి. ఆ శబ్దపు తాకిడికే సూది మైనం మీద గీత గీసేది. రికార్డుకి పట్టేది మూడు నిమిషాలు. గంటసేపు విస్తరించే ఖయాల్‌ని గౌహర్ జాన్ ఆ మూడు నిమిషాల్లోకి కుదించి చూపించింది. చివర్లో తన పేరు తనే గట్టిగా ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఏ రికార్డు ఎవరిదో తెలియడానికి ఆ ఏర్పాటు. వ్యాపార అవసరమే కావచ్చు. కానీ నాకు దాన్ని వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. యంత్రం ఎవరిదైతేనేం, ఈ గొంతు నాది అని ముద్ర వేసినట్టుంటుంది.

కొమ్ము గొట్టం గురించి ఇంకో మాట. దానిలోకి జోలపాట పాడలేం. జోలపాటని అరిచి పాడితే అది జోలపాట కాదు. అంటే ఆడవాళ్ళు ఇళ్ళలో పాడుకునే మెత్తటి పాటలకి మొదటి పాతికేళ్ళ యంత్రంలో చోటే లేదు. 1925 నుంచి కరెంటు మైకులు వచ్చాకే చిన్న గొంతుకి, గుసగుసకి రికార్డులో వీలు కలిగింది. పదేళ్ళ సుబ్బులక్ష్మి 1926లో తొలి రికార్డు ఇచ్చింది. తల్లి షణ్ముగవడివు వీణ విద్వాంసురాలు, దేవదాసీ సంప్రదాయం నుంచి వచ్చినావిడ.

అయితే యంత్రం గొంతుని మోసుకెళ్ళినంత సులువుగా సంఘం మనిషిని మోసుకెళ్ళలేదు. త్యాగరాజు సమాధి దగ్గర ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే, బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో ఆ సమాధికి గుడి కట్టించి కూడా, 1927 నుంచి గుడి వెనకవైపు ఆడవాళ్ళ ఆరాధన విడిగా జరుపుకోవాల్సొచ్చింది. 1940లో గానీ అందరూ ఒక్కచోట పాడలేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో అచ్చుకి తెచ్చిందీ ఈవిడే. 1946లో వల్లభ్‌భాయ్ పటేల్ సమాచార శాఖ చూస్తున్నప్పుడు, వ్యక్తిగత జీవితం బాగాలేదనే నెపంతో తవాయిఫ్ గాయనులకి రేడియో తలుపులు మూశారు. రికార్డుల పరిశ్రమకి పునాది వేసిన ఆడవాళ్ళు, పాట గౌరవప్రదమయ్యేసరికి బయట నిలబడ్డారు. గౌహర్ జాన్ అప్పటికే లేదు. 1930లో మైసూరులో చనిపోయింది.

మన సినిమా వైపు చూద్దాం. లక్షల పాటలు, వాటిలో సగం ఆడగొంతులు. అద్దానికి అవతల బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఎందరు? భానుమతి గారు గుర్తొస్తారు. భర్తతో కలిసి మద్రాసులో భరణీ స్టూడియో నడిపారు, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, తన పాటలు తను పాడుకున్నారు, కొన్ని సినిమాలకి సంగీతమూ చేశారు. స్టూడియో సొంతదైతే ఆడమనిషి ఎన్ని పనులు చెయ్యగలదో చెప్పడానికి ఆవిడ చాలు. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' డైరెక్ట్ చేస్తే పి.లీల సంగీతం సమకూర్చారు. తర్వాత ఎం.ఎం.శ్రీలేఖ వచ్చారు. లెక్కపెట్టడానికి చేతివేళ్ళు సరిపోతాయంటే, ఆ రంగంలో ఏదో అడ్డుగోడ ఉన్నట్టే.

ఆ గోడ మన దగ్గరే కాదు. ఇంగ్లండులో డాఫ్నీ ఓరమ్ 1958లో బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ని నెలకొల్పినవాళ్ళలో ఒకరు. ఏడాది తిరక్కుండానే అక్కడ ఇమడలేక బయటికొచ్చి, కెంట్‌లో ఒక పాత ఇంట్లో తన సొంత స్టూడియో పెట్టుకుంది. సినిమా ఫిల్ము మీద గీతలు గీస్తే వాటిని శబ్దంగా మార్చే యంత్రాన్ని ఆ ఇంట్లోనే తయారు చేసుకుంది. అదే వర్క్‌షాప్‌లో తర్వాత చేరిన డీలియా డెర్బీషైర్ 1963లో 'డాక్టర్ హూ' సీరియల్ సంగీతాన్ని టేపు ముక్కలు కోసి, అతికించి, ఒక్కో స్వరం చొప్పున కట్టింది. బాణీ కట్టిన రాన్ గ్రెయినర్ ఆమెకీ సగం పేరు దక్కాలన్నాడు. సంస్థ ఒప్పుకోలేదు. తెరమీద ఆమె పేరు పడింది 2013లో, ఆమె పోయిన పన్నెండేళ్ళకి. ఆమె ఇంటి అటక మీద 267 టేపులు దొరికాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మ ఇంటి అటకే కళ్ళముందు కదిలింది.

ఇంటికి యంత్రం వస్తే ఏమవుతుంది? 1979లో టాస్కామ్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే చిన్న పెట్టె తెచ్చింది. స్టూడియో వంటబల్ల మీదికొచ్చిందన్నమాట. 1983లో మిడీ వచ్చి, రకరకాల వాయిద్య యంత్రాలకి ఒకే భాష నేర్పింది. బెల్ ల్యాబ్స్‌లో గదులు నిండే కంప్యూటర్ల మీద పనిచేసిన లారీ స్పీగెల్ 1986లో 'మ్యూజిక్ మౌస్' అనే ప్రోగ్రామ్ రాసింది. ఇంటి కంప్యూటర్ మీద మౌస్ కదిపితే సంగీతం పలుకుతుంది, సంగీతం చదువుకోనివాళ్ళకి కూడా. కేట్ బుష్ 1983లో తల్లిదండ్రుల ఇంటి వెనక పశువులశాలలో 48 ట్రాకుల స్టూడియో కట్టించుకుని, గంటల మీటరు తిరగని చోట 1985 నాటి 'హౌండ్స్ ఆఫ్ లవ్' చేసింది. ఆమెకి డబ్బుంది కనక సాధ్యమైంది. 2004లో యాపిల్ కంప్యూటర్లతో పాటే గరాజ్‌బ్యాండ్ ఉచితంగా రావడంతో ఆ లెక్క మారింది. 2011లో కెనడా అమ్మాయి గ్రైమ్స్ మాంట్రియల్‌లో తన అద్దెగదిలో ఆ సాఫ్ట్‌వేర్‌తోనే 'విజన్స్' అనే ఆల్బమ్ మొత్తం చేసి, 2012లో విడుదల చేసింది.

ల్యాప్‌టాప్‌ని ఆడదాని పనిముట్టుగా మార్చుకున్న కథల్లో నాకు అన్నిటికంటే దగ్గరైంది ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్‌ది. 2001లో వచ్చిన 'వెస్పర్‌టీన్' ఇంటి గురించిన ఆల్బమ్. ఇంట్లో వినిపించే చిన్న చిన్న సవ్వళ్ళలాంటి లయలు. ల్యాప్‌టాప్ స్పీకర్లలో పలచబడకుండా పలికే వాయిద్యాలనే, హార్ప్, మ్యూజిక్ బాక్సులాంటివి, ఏరుకుంది. మూడేళ్ళు కూర్చుని ఆ సూక్ష్మమైన లయల్లో అధిక భాగం తనే అల్లింది. చివరి రెండు వారాల్లో వచ్చి కొంత చేర్చిన ఇద్దరు మగ సంగీతకారులకి పత్రికలు మొత్తం ఘనత కట్టబెట్టాయని 2015లో ఒక ఇంటర్వ్యూలో చెప్పుకుంది. ఆ పనిని ఆవిడ పోల్చింది పెద్ద ఎంబ్రాయిడరీ పనితో. కుట్టుపని చేసినవాళ్ళకి తెలుసు, వెనకవైపు ముడులు ఎవరూ చూడరు.

కాబట్టి ఇంటికి యంత్రం రావడంతోనే అన్నీ అయిపోవు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధన బృందం 2018లో లెక్కలేస్తే, 2012 నుంచి 2017 దాకా బాగా వినబడ్డ పాటల్లో పరిశీలించిన 300 పాటల నిర్మాతల్లో ఆడవాళ్ళు 2 శాతం. గరాజ్‌బ్యాండ్ వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఇల్లు మగవాడికి స్టూడియో అవుతుంది, మనకి ఇల్లంటే పనిచోటు. తలుపేసుకుని రెండు గంటలు కూర్చుంటే "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అంటారు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో గది కావాలంది. రికార్డింగుకి గది ఒక్కటే చాలదు, ఆ గదిలో నిశ్శబ్దం కూడా కావాలి. ఇంట్లో నిశ్శబ్దం అడిగే హక్కు ఎవరికుందో మీకూ తెలుసు.

ఈ చదువంతా అయ్యాక మళ్ళీ ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చాను. ఈసారి నా దగ్గర ప్రశ్నలున్నాయి. ప్రతి యంత్రమూ మూడు సంగతులు తేలుస్తుందని చరిత్ర నాకు నేర్పింది: ఎంత మెత్తగా పాడొచ్చు, ఎంతసేపు పాడొచ్చు, బటన్ ఎవరి చేతిలో ఉంటుంది. వాటినే కొలబద్దగా పెట్టుకున్నాను.

మెత్తగా పాడాలంటే గదిలో చప్పుడుండకూడదు. ఆటల కోసం చేసిన ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి ఫ్యాన్లు రొదపెడతాయి. పాట రికార్డింగుకి ఆ కార్డుతో పనే లేదు. షాపులో మా మేనల్లుడికి చెప్పిన సలహా నా అవసరానికి సరిగ్గా వ్యతిరేకమన్నమాట. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లాంటి వాటిలో అసలు ఫ్యానే లేదు, అది మంచిదే. అలాంటిది కొనలేనివాళ్ళు ఏం చెయ్యాలి? పొడుగాటి మైకు తీగ కొనుక్కుని ల్యాప్‌టాప్‌ని ఆరడుగుల అవతల, మైకు వీపు వైపు పెట్టుకోవాలి. ఆరడుగుల తీగ ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ కంటే చాలా చవక. తిరిగే హార్డ్ డిస్క్ కూడా చప్పుడు చేస్తుంది, ఎస్.ఎస్.డి. చెయ్యదు, పైగా వేగం. మన ఇళ్ళలో ఎర్తింగు సరిగా ఉండదు కనక ఛార్జరు పెట్టి రికార్డు చేస్తే ఒక్కోసారి వెనకాల సన్నటి జుమ్మనే శబ్దం వస్తుంది. అప్పుడు ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద చేస్తే పోతుంది. అందుకని బ్యాటరీ రెండు గంటలైనా నిలవాలి.

ఎంతసేపు అన్న ప్రశ్నకి చిన్న లెక్క చాలు. సెకనుకి 44,100 సార్లు, 24 బిట్లతో ఒక్క గొంతుని రికార్డు చేస్తే నిమిషానికి 8 ఎం.బి. లోపే, గంటకి అర జీబీ కంటే తక్కువే. 512 జీబీ డిస్కులో పిన్ని జీవితాంతం పాడినా పడుతుంది. మూడు నిమిషాల రికార్డు, ముప్ఫై నిమిషాల క్యాసెట్ పక్క, గంటల మీటరు, అన్నీ పోయాయి. నలభై నిమిషాల ఊర్మిళ నలభై నిమిషాలూ ఉండొచ్చు. ఒక గొంతు, ఒక తంబురా చాలనుకుంటే 8 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది. కంప్యూటర్లోనే వయొలిన్లు, వీణలు, డప్పులు పలికించే శాంపిల్ వాయిద్యాలు వాడేవాళ్ళకి మాత్రం 16 తప్పదు, ఇంకా ఎక్కువైనా కావాలి. చాలా కొత్త మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. తర్వాత పెంచుకోవడం కుదరదు కనక కొనేటప్పుడే చూసుకోవాలి.

ఇంకొకటుంది, ఆలస్యం. మనం పాడిన పాట కంప్యూటర్లోకి వెళ్ళి హెడ్‌ఫోన్లోకి తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. సాఫ్ట్‌వేర్లో బఫర్ అని ఒక అంకె ఉంటుంది. అది 256 పెడితే ఒకవైపు ఆలస్యం సెకనులో వెయ్యోవంతులు ఆరు. అంటే రెండు మీటర్ల దూరం నుంచి విన్నట్టు. 1024 పెడితే ఇరవై మూడు. ఎనిమిది మీటర్ల అవతల నుంచి మన గొంతు మనకే వినబడుతున్నట్టుండి తాళం తప్పుతుంది. రికార్డు చేసేటప్పుడు చిన్న అంకె, ఎడిట్ చేసేటప్పుడు పెద్ద అంకె పెట్టుకోవాలి. మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గొంతుని నేరుగా హెడ్‌ఫోన్‌కి పంపే ఏర్పాటుంటే ఈ బాధ దాదాపు ఉండదు. అంటే ఖరీదైన ప్రాసెసర్ చెయ్యాల్సిన పనిని ఒక చిన్న పెట్టె చేస్తుంది. 1998లో ఆ స్టూడియోలో అమ్మ పదే పదే తాళం తప్పినప్పుడు ఆ హెడ్‌ఫోన్‌లో ఆవిడకి ఏం వినబడిందో ఎవరూ అడగలేదు. తప్పు ఆవిడ గొంతుదే అన్నాం. నేను కూడా.

నేను కొన్నది ఆఫీసుల్లో వాడి అమ్మేసిన పాత బిజినెస్ ల్యాప్‌టాప్. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి., మూడు యు.ఎస్.బి. రంధ్రాలు. ముప్ఫై నాలుగు వేలు. మిగిల్చిన డబ్బు మైకుకీ, ఇంటర్‌ఫేస్‌కీ, హెడ్‌ఫోన్లకీ పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. 2000 నుంచి ఉచితంగా దొరుకుతోంది, కోసి అతికించడానికి చాలు. కొన్నాళ్ళకి ఎక్కువ ట్రాకులు కావాల్సి రీపర్‌కి మారాను. డబ్బంతా ల్యాప్‌టాప్ మీద పెట్టి, మైకు దగ్గర పిసినారితనం చెయ్యొద్దని అందరికీ చెబుతున్నాను. పాటని వినేది మైకు, ల్యాప్‌టాప్ దాన్ని రాసుకుంటుందంతే. ఇమొజెన్ హీప్ 'హైడ్ అండ్ సీక్' పాట చేసింది తన కంప్యూటర్ పాడైపోయిన రాత్రి, చేతికందిన చిన్న నాలుగు ట్రాకుల పెట్టె మీద. 2005లో లోకమంతా విన్నది.

జనవరిలో పిన్నిని తీసుకొచ్చాను. పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, లోపలి చీరలకి ఎదురుగా ఆవిడని కూర్చోబెట్టాను. చీరలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, గది గింగురుమనదు. స్టూడియో గోడలకి వేలకి వేలు పోసి అతికించే మెత్తలు చేసే పనిలో చాలా వంతు మన బీరువాలు చేస్తాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపాను. పిన్ని పాడుతోంది. ఇరవయ్యో నిమిషంలో పక్కింటి కుక్కర్ కూసింది. నేను చెయ్యెత్తి ఆపబోయాను. ఆవిడ ఆగలేదు, కళ్ళతోనే నన్ను కసిరి పాడుతూ పోయింది. అయ్యాక, "కుక్కర్ కూస్తే పాట ఆపుతామా? మీ అమ్మ ఎప్పుడైనా ఆపిందా?" అంది.

ఆ కూత తీసేయడం ఇప్పుడు నాకు వచ్చు. రెండు నిమిషాల పని. తీయలేదు. పిన్ని ఊపిరి శబ్దాలూ తీయలేదు. ఊర్మిళ నిలదీసే చోట ఆవిడ తీసుకునే పెద్ద ఊపిరి, సరిగ్గా అమ్మదే. అదే ఆ స్టూడియోలో కత్తిరించి పారేసింది.

ఒక విషయం దాచకూడదు. మా పొలంలో నాట్లకొచ్చిన ఆడవాళ్ళు మా అమ్మకంటే గట్టిగా, బాగా పాడేవాళ్ళు. మా ఇంట్లో టేప్‌రికార్డర్ వచ్చాక కూడా వాళ్ళ పాట ఒక్కటీ ఎక్కలేదు. యంత్రం మగవాళ్ళ చేతిలో ఉందని ఇన్ని పేజీలు రాసిన నేను, అది ఏ ఇంట్లో ఉందో కూడా రాయాలి. వాళ్ళలో ఒకావిడ కూతురు ఇప్పుడు పాలకొల్లులోనే ఉంది, తల్లి పాటలు తనకొచ్చంది. వేసవిలో ల్యాప్‌టాప్ తీసుకుని వస్తానన్నాను. "నువ్వు తియ్యడం కాదండీ, మా అమ్మాయికి నేర్పండి, అది తీస్తుంది" అంది. మూడో ప్రశ్నకి జవాబు నాకంటే ముందు ఆవిడకే తెలుసు.

ఫైలుకి ముందు పిన్ని పేరు, తర్వాత ఊరు, తేదీ పెట్టాను. మూడు చోట్ల దాచాను: ల్యాప్‌టాప్‌లో, విడి డిస్కులో, పిన్ని మనవరాలి దగ్గర. అసలు రికార్డింగు పిన్నిదే. ఎవరికివ్వాలో ఆవిడే చెబుతుంది.

మర్నాడు లవకుశుల పాట మొదలుపెడుతుంటే పిన్ని నా చెయ్యి పక్కకి నెట్టి, "ఏదే ఆ ఎర్రది, నేను నొక్కుతా" అంది. కళ్ళజోడు సర్దుకుని, వెతుక్కుని నొక్కింది. మొదటి మూడు సెకన్లలో ఆ క్లిక్కు వినబడుతుంది. అది కూడా ఉంచాను.